ముప్పై ఏళ్ళ నురుగు

మొదటి గుక్క తాగినవాడికి రెండో గుక్క తాగే యోగం లేకపోయింది.

అతను ప్రభుత్వ అతిథి గృహంలో వైన్ గది చూసుకునే మేనేజరు. పొద్దున్నే పొరుగు దేశం నుంచి వచ్చిన చెక్కపెట్టె విప్పాడు. ఆరు సీసాల్లో ఒకదాన్ని వెలుతురుకి పట్టుకుని మురిసిపోయాడు. చుట్టూ ఎవరూ లేరని రూఢి చేసుకుని, రేకు చించి బిరడా తీశాడు. పక్క వంటగదిలో ఉన్న వంటావిడ ఆ చప్పుడికి తుపాకీ పేలిందనుకుని బల్ల కింద దూరింది. ఎంతసేపటికీ ఇంకో చప్పుడు వినపడకపోయేసరికి ధైర్యం తెచ్చుకుని తొంగిచూసింది. మేనేజరు చేతిలో గ్లాసు పట్టుకునే నేలమీద వెల్లకిలా పడి ఉన్నాడు. మొహంలో ఇంకా రుచి చూస్తున్న భావమే ఉంది.

ఈ సంగతి బొంగరం చెవిన పడేసరికి అతను వీధి మలుపులో ఆగిన లాండ్రీ వ్యాన్‌లో కూర్చుని ఉన్నాడు. కూర్చున్నాడనడం మర్యాదకి. మోకాలు ఊపుతున్నాడు, వేళ్ళతో సీటు మీద దరువు వేస్తున్నాడు, మధ్యమధ్య లేచి తలని వ్యాన్ కప్పుకి కొట్టుకుని మళ్ళీ కూలబడుతున్నాడు. సీక్రెట్ సర్వీస్‌లో అతని అసలు పేరు ఫైళ్ళకే తెలుసు. మనుషులకి మాత్రం బొంగరమే. ఒకచోట నిలవని మనిషి గూఢచారిగా ఎలా పనికొచ్చాడని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. ఒకచోట నిలవకపోవడం వల్లే ఇంతవరకూ ఒక్క తూటా కూడా తగల్లేదని పాతవాళ్ళు చెబుతుంటారు.

"కాలు ఆపు," అన్నాడు పెద్దాయన. సర్వీస్‌కి చీఫ్. తెల్ల జుట్టు, నల్ల కళ్ళజోడు, నవ్వు అనే అలవాటు ఎప్పుడూ లేని మొహం.

బొంగరం కాలు ఆపాడు. చెయ్యి మొదలుపెట్టింది.

"మిషన్ చెబుతా విను. ముప్పై ఏళ్ళ సరిహద్దు తగాదాకి ఇవాళ సాయంత్రం సంతకాలు. ఆ ఆరు సీసాలూ పొరుగు మంత్రిగారి తాత సొంత తోటలో చేయించిన నురుగు వైన్. తగాదా మొదలైన ఏడాది సీసాల్లో పోసి, అది తీరిన రోజు తాగాలని దాచాడట. ముసలాయన పోయాడు, సీసాలు మిగిలాయి. ఇప్పుడు ఈ ఒప్పందం పడకూడదనుకునే ముఠా ఒకటి దారిలో వాటిని మార్చింది. ఒకటి ఎలాంటిదో మేనేజర్ చెప్పిపోయాడు. మిగిలినవి అయిదు."

"పక్కన పడేసి వేరే వైన్ పోస్తే పోలా సార్?"

"పోతుంది. ఒప్పందమే పోతుంది. మా తాత సీసాని అనుమానించారా అని ఆయన లేచి వెళ్ళిపోతాడు. ఆయన చుట్టూ అందుకే కాచుక్కూచున్నవాళ్ళు ఉన్నారు. తాగితే ఇద్దరు మంత్రులూ చస్తారు, తాగకపోతే ఒప్పందం చస్తుంది. ముఠాకి ఎటు పడినా లాభమే."

"లోపల ముందే తెరిచి పరీక్ష చేయిస్తే?"

"సీలు రెండు దేశాల కెమెరాల ముందు తియ్యాలి. అది ప్రోటోకాల్. లేబరేటరీవాళ్ళు రేపటికి రిపోర్టు ఇస్తామంటున్నారు. రేపటికైతే పోస్ట్‌మార్టం రిపోర్టే సరిపోతుంది." పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అసలు సంగతి ఇప్పుడు వస్తుందని బొంగరానికి అర్థమైంది. "ముఠా లోపల మన మనిషి ఉంది. నెమలి."

చెయ్యి కూడా ఆగిపోయింది.

నెమలి అంటే సర్వీస్‌లో అందరికీ ఒక కోడ్ పేరు. బొంగరానికి మాత్రం వదిన. అమ్మ పోయినప్పుడు అతను చెప్పుల పట్టీ పెట్టుకోవడం కూడా రాని పిల్లాడు. అన్నం కలిపి పెట్టిందీ, లెక్కలు చెప్పిందీ, అబద్ధమాడితే చెవి మెలిపెట్టిందీ, పెద్దయ్యాక అదే అబద్ధానికి జీతమిచ్చే ఉద్యోగంలో చేర్పించిందీ వదినే. మూడేళ్ళుగా ముఠాలో పట్టు గౌన్లు, ముత్యాల దండలు వేసుకుని తిరుగుతోంది. అన్న మాత్రం భార్య విదేశంలో పరదాల వ్యాపారం చేస్తోందనుకుంటున్నాడు. ఇంట్లో కిటికీలకి ఒక్క పరదా లేకపోయినా ఆయనకి అనుమానం రాలేదు. అంత మంచివాడు.

"సంతకాల వేళ దాకా ఎవరికీ ప్రమాదం లేదని నిన్న కబురు పంపింది," అన్నాడు పెద్దాయన. "పొద్దున్నే మనిషి చచ్చాడు. మధ్యలో పాడైపోయిందో, మొదటి నుంచీ నకిలీయేనో నాకు అనవసరం. సాయంత్రం హాల్లో ఆవిడ ఉంటుంది. బాల్కనీలో మన షూటర్ ఉంటాడు. నువ్వు వైన్ పోసేవాడి వేషంలో ఉంటావు. ఆవిడ తేడా అని తెలిసిన క్షణం నీ మెడలో బో టై విప్పు. మిగతాది వాడు చూసుకుంటాడు."

"సార్, ఆవిడ మా..."

"తెలుసు. అందుకే నీకు ఇచ్చాను. వేరేవాడైతే తొందరపడి విప్పేస్తాడు."

వ్యాన్ దిగేటప్పుడు బొంగరానికి ఒకటే ఆలోచన. అన్నకి ఏమని చెప్పాలి?

* * *

అతిథి గృహం వెనక వైపు గదులన్నీ సబ్బు నీళ్ళ వాసన. పొడుగాటి బల్లల మీద గ్లాసులు తలకిందులుగా ఆరుతున్నాయి. తెల్ల కోటు, నల్ల ప్యాంటు, పెట్టుడు మీసం, మెడలో ఊపిరాడనంత బిగుతుగా బో. ఆ బో కట్టిన మనిషికి తన మీద ఏదో పాత కోపం ఉండాలనుకున్నాడు బొంగరం. వేలు దూర్చి వదులు చేద్దామని చెయ్యి దానంతట అదే పైకి లేచింది. మధ్యలో గుర్తొచ్చి ముక్కు గోక్కున్నాడు.

అయిదు సీసాలూ ఐసు గదిలో గుడ్డ మీద వరసగా పడుకున్నాయి. కోటు జేబులోంచి పెన్ను తీశాడు. అది పెన్ను కాదు, సర్వీస్ వర్క్‌షాప్ వాళ్ళు తయారుచేసిన ప్రత్యేక టార్చి. నీలి వెలుగులో పాత కాగితం ఒకలా, కొత్త కాగితం ఇంకోలా మెరుస్తుంది.

"చెప్పు," అంది చెవిలో దాచిన చిన్న స్పీకరు, పెద్దాయన గొంతుతో.

"లేబుళ్ళు అయిదూ పాతవే సార్. గాజు కూడా పాతదే. అడుగున గుంట, సీసా అచ్చు, అన్నీ ఒకటే."

"అయితే నకిలీ ఏది?"

బొంగరం మామూలు వెలుగు వేసి చూశాడు. నాలుగు సీసాలు లేత బంగారు రంగులో తళతళలాడుతున్నాయి. అయిదోది చూడబుద్ధి కాలేదు. లోపలి వైన్ టీ డికాక్షన్ రంగు. మెడ దగ్గర మట్టం బాగా దిగిపోయింది. లేబుల్ మూల చెమ్మకి ఊడింది, రేకు కింద ఏదో జిగురు కారి ఎండింది.

"అదే!" అంది చెవి. "విషం కలిపితేనే ఆ రంగు వచ్చింది. చిన్నపిల్లాడు కూడా చెబుతాడు."

చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు కాబట్టే బొంగరానికి నమ్మకం కలగలేదు. ఇంతకీ ఈ వ్యవహారంలో తనూ చిన్నపిల్లాడి లెక్కే. జీవితంలో ఇలాంటి సీసా ఒక్కటి కూడా విప్పి ఎరగడు.

వెనక తలుపు దగ్గర మడమల చప్పుడు వినిపించింది.

"గ్లాసులు తుడిచారా?" అంది ఒక ఆడగొంతు.

కోడ్ మాట. బొంగరం తిరిగి చూడకుండానే బదులిచ్చాడు. "తుడిస్తే గీతలు, తుడవకపోతే మచ్చలు."

"అయితే నోటితో ఊదండి."

సరిపోయింది. తిరిగాడు. ఆకుపచ్చ పట్టు గౌను, మెడలో మూడు పేటల ముత్యాలు, పెదాలకి ముదురు ఎరుపు. హాల్లోకి వెళ్తే మగవాళ్ళు వాక్యాలు మధ్యలో మర్చిపోయే మనిషి. అతనికి మాత్రం ముందు కనిపించింది ఆవిడ కళ్ళ కింద నలుపు. వదిన చిక్కిపోయింది.

"కాలు ఊపకు," అంది వదిన.

"వదినా..."

"ఏడుపు తర్వాత. తలుపు వెయ్యి. మీ అన్న ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు. పరదాలు ఎన్ని అమ్ముడయ్యాయని అడుగుతున్నాడు."

వదిన పెదాల చివర నవ్వు కదిలి, అంతలోనే మాయమైంది. "విను. ఆ మేనేజర్ చావు ముఠా ప్లాన్‌లో లేదు. పోసే ముందు దొంగతనంగా ఒక సీసా రుచి చూస్తాడని ఎవరికి తెలుసు? ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి అదొక రోగం. నేను పంపిన కబురు అబద్ధం కాదు. వాడి నాలుక అబద్ధం చేసింది."

చెవిలో పెద్దాయన 'హుఁ' అన్నాడు.

"ఆరింట్లో అసలుది ఒక్కటే," అంది వదిన. "ఆ తోటలో ఆ ఏడాది చేసిందే కొద్దిగా. వాళ్ళకి ఆ లేబుల్‌తో ఖాళీ సీసాలు అయిదే దొరికాయి. పాత సామాన్ల కొట్లన్నీ జల్లెడ పట్టారు, ఆరోది దొరకలేదు. అయిదింట్లో కొత్త వైన్, విషం పోసి, కొత్త బిరడా బిగించి, పైన రేకుని పాతదానిలా మరకలు పెట్టి చుట్టారు. ఆరో సీసా అసలుదే వదిలేశారు."

"ఏది అసలుది?"

వదిన వేలు నేరుగా డికాక్షన్ రంగు సీసా మీదకి వెళ్ళింది.

"అదా? అది కుళ్ళిపోయినట్టుంది కదా!"

"ముప్పై ఏళ్ళు వచ్చాక ఎవరి మొహం మాత్రం తళతళలాడుతుంది? రంగు ముదురుతుంది. బిరడాలోంచి కొంచెం కొంచెం ఆవిరైపోయి మట్టం దిగుతుంది. లోపల గ్యాస్ చాలావరకు పోతుంది. ఆ నాలుగూ చూడు, నిన్న పుట్టినట్టున్నాయి. లేబుల్‌కి ముప్పై ఏళ్ళు, లోపలి సరుకుకి ముప్పై రోజులు. పాడైపోవడం వేరు, నకిలీ కావడం వేరు అబ్బాయ్. పాడైంది ఒకప్పుడు అసలుదే. నకిలీది ఎప్పుడూ కాదు."

"రుచి పోయినా చంపదు కదా?"

"మొహం చిట్లించుకుంటారు. చావరు." వదిన తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఇంకోటి. నాయకుడెవరో ఇవాళే తెలిసింది. బంగారు నాలుక."

బొంగరం నోరు తెరిచాడు. బంగారు నాలుక అంటే పత్రికలవాళ్ళు పెట్టిన బిరుదు. ఒక్క చుక్క చప్పరించి ఏ తోటో, ఏ ఏడాదో చెప్పే వైన్ నిపుణుడు. పొరుగు మంత్రికి చిన్ననాటి స్నేహితుడు. సాయంత్రం సీసాలని పరిచయం చేసేది ఆయనే.

"బల్ల దగ్గర ఆ మాసిన సీసాని ఆయనే పక్కకి నెడతాడు. చూడగానే అందరూ ఒప్పుకుంటారు. మెరిసేదాంట్లోంచి పోయిస్తాడు."

"అంతా అబద్ధం," అంది చెవి. "ఆయన పేరు చెబితే మనం ఆయన్ని పట్టుకుంటాం, పొరుగు మంత్రి అలిగిపోతాడు. లేదంటే ఆ కుళ్ళు సీసా పోసి మనమే చంపుతాం. ఎంత చక్కగా అల్లిందో చూడు. జాగ్రత్త!"

బొంగరానికి ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. నకిలీ వైన్ ఎలా పట్టుకోవాలో తనకి తెలిసిందంతా ఇప్పుడే తెలిసింది. చెప్పిన మనిషే నకిలీ కావచ్చు. నేర్పిన పాఠమూ, పాఠం చెప్పిన పంతులమ్మా ఒకే తక్కెడలో ఉన్నారు. ఒకటి నిజమైతే రెండూ నిజం. ఒకటి అబద్ధమైతే రెండూ అబద్ధం.

వదిన దగ్గరికొచ్చి అతని మీసం సరిచేసింది. తర్వాత చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది.

"బాల్కనీలో పరదా వెనక మనవాడు ఉన్నాడు. మూడేళ్ళు అమ్మకపోయినా పరదాల సంగతి నాకు తెలుసులే," అంది మెల్లగా. "గుర్తు ఇదేనా?"

అతను నేల చూపులు చూశాడు. వదిన దగ్గర అబద్ధం ఆడితే చెవి నొప్పి పుడుతుందని ఇంత వయసొచ్చినా భయమే.

వదిన బో రెండు కొసలూ పట్టుకుని ఇంకాస్త బిగించింది. "గట్టిగా కట్టుకో. పొరపాటున జారితే మీ అన్న నిన్ను క్షమించడు." ముత్యాలు సర్దుకుని, హాల్లోకి నవ్వు మొహంతో వెళ్ళిపోయింది.

* * *

హాల్లో దీపాలు ఎక్కువ, గాలి తక్కువ. రెండు జెండాల మధ్య పొడుగు బల్ల, దాని మీద రెండు తోలు ఫైళ్ళు, వెండి పళ్ళెంలో అయిదు సీసాలు. ఇటు మన మంత్రి, అటు పొరుగు మంత్రి. ఇద్దరూ ముప్పై ఏళ్ళ తగాదాని ముఖాల మీంచి అప్పుడే తుడుచుకున్నట్టు నవ్వుతున్నారు. కెమెరాల ముందు నవ్వి నవ్వి దవడలు పట్టేశాయని చూస్తేనే తెలుస్తోంది.

బంగారు నాలుక సన్నగా, పొడుగ్గా, గంభీరంగా ఉన్నాడు. మాట్లాడేటప్పుడు ప్రతి మాటనీ నోట్లో ఒకసారి తిప్పి వదులుతాడు. వదిన ఆయన పక్కనే మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

"మిత్రులారా," అన్నాడు ఆయన, "కాలం మంచి వైన్‌ని గొప్పది చేస్తుంది, చెడ్డదాన్ని బయటపెడుతుంది." అని మాసిన సీసా మెడ పట్టుకుని దీపానికి ఎత్తాడు. హాల్లో చిన్న గుసగుస. "ఈ సీసాకి గాలి తగిలింది. పాడైపోయింది. మట్టం చూడండి, రంగు చూడండి. మీ తాతగారి పరువు కోసం దీన్ని పక్కన పెడదాం."

పొరుగు మంత్రి బాధగా తల ఊపాడు. మన మంత్రీ ఊపాడు. ఆయన ఎవరు ఊపినా ఊపుతాడు.

"పాడవలేదు," అంది వదిన.

గట్టిగా కాదు. కానీ అందరికీ వినిపించింది. బంగారు నాలుక నవ్వుతూనే తన మోచెయ్యి విడిపించుకున్నాడు. "మేడమ్‌కి వైన్ కన్నా ముత్యాల గురించి ఎక్కువ తెలుసు."

నలుగురు నవ్వారు. వదిన మొహం ఎర్రబడింది. "వయసు ముదిరిందంతే. మొదటి గ్లాసు అందులోంచే పొయ్యండి. నేనే తాగుతాను."

"విప్పు!" అంది చెవి. "విషం సీసా కోసం పట్టుబడుతోంది. విరుగుడు ముందే మింగి ఉంటుంది. బో విప్పవయ్యా!"

బొంగరం చెయ్యి మెడ దాకా వెళ్ళింది. నుదుటి నుంచి చెమట కారి మీసం జిగురులోకి దిగుతోంది. బాల్కనీలో పరదా అంచు కొద్దిగా కదిలింది. వదిన అటు చూడలేదు. అతని వైపే చూసింది. చిన్నప్పుడు పరీక్ష హాలు బయట గేటు దగ్గర నిలబడి చూసిన చూపే అది.

చెయ్యి కిందికి దిగింది. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఏం చేస్తున్నావ్?" చెవి అరిచింది.

"పని చేస్తున్నా సార్," అన్నాడు పెదాలు కదపకుండా.

బంగారు నాలుక తళతళలాడే సీసా ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు. "ఇది. తెరువు. అందరికీ వినిపించేలా తెరువు."

కెమెరాలన్నీ అతని చేతుల మీదికి తిరిగాయి. రేకు విప్పాడు. బిరడా మీది తీగ బుట్టని మెలి తిప్పి వదులు చేశాడు. అలా వదులు చేశాడో లేదో, లోపలి బిరడా అతని బొటనవేలిని తన్నింది.

బొంగరం ఉలిక్కిపడ్డాడు. తలుపు అవతల ఎవరో భుజం పెట్టి తోస్తున్నట్టు బిరడా పైకి వస్తోంది. బలంకొద్దీ నొక్కాడు. అది ఇంకా బలంగా తోసింది. ముప్పై ఏళ్ళ ముసలితనానికి ఇంత ఒంటి బలం ఎక్కడిది? గ్యాస్ చాలావరకు పోతుందని కదా వదిన చెప్పింది! పొద్దున వంటావిడ బల్ల కింద దూరిన సంగతి అప్పుడు తట్టింది. ఆ మేనేజర్ ప్రాణం తీసిన సీసా కూడా తుపాకీలాగే పేలింది. అంత చప్పుడు చేసింది కాబట్టి అదీ కొత్త సరుకే.

వదిన చెప్పింది నిజం. వైన్ గురించి నిజమైతే మనిషి గురించీ నిజం.

"ఏమిటి ఆలస్యం?" అన్నాడు బంగారు నాలుక.

"సార్," అన్నాడు బొంగరం, బొటనవేలు బిరడా మీంచి తియ్యకుండా, "మీ అంతటి నిపుణుడు ఎంచిన సీసా. మొదటి గ్లాసు మీకే పోస్తాను."

"మంత్రులకి ముందు నేనా? మర్యాద కాదు."

"పొయ్యవయ్యా, పొయ్యి," అన్నాడు పొరుగు మంత్రి సంబరంగా. "మా వాడి తర్వాతే మాకు. చిన్నప్పటి నుంచీ అంతే."

"నాకు డాక్టరు వద్దన్నాడు."

"పొద్దున మూడు రకాలు రుచి చూశారుగా," అంది వదిన తియ్యగా. "నా ముందే."

హాల్లో నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. చిన్ననాటి స్నేహితుడి మొహం వైపు పొరుగు మంత్రి అయోమయంగా చూశాడు. బంగారు నాలుక ఎవరినీ చూడలేదు. చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చేటప్పటికి అందులో చిన్న నల్ల పిస్తోలు ఉంది. గురి పొరుగు మంత్రి గుండెకి.

"విషం కాకపోతే ఇది," అన్నాడు. మొదటిసారి మాట నోట్లో తిప్పకుండా వదిలాడు.

బొంగరం సీసా మెడని అటు తిప్పి బొటనవేలు ఎత్తేశాడు.

హాలు దద్దరిల్లింది. బిరడా బంగారు నాలుక రెండు కనుబొమ్మల మధ్య తగిలింది. పిస్తోలు పైకి లేచి పేలి, కప్పులోని దీపం ఒకటి పగిలింది. వెనకే నురుగు ధారగా ఎగజిమ్మింది. మీద పడిన నురుగు నోట్లోకి పోతుందేమోనని నిపుణుడు పెదాలు బిగపట్టుకుని, రెండు చేతులతో మొహం తుడుచుకుంటూ వెనక్కి పడ్డాడు. ఆ తుడుచుకోవడమే ఆయన వాంగ్మూలమైంది. గార్డులు మీద పడ్డారు. ఈ రెండు చప్పుళ్ళకి మన మంత్రి అప్పటికే బల్ల కింద ఉన్నాడు. బాల్కనీలో షూటర్ తన తుపాకీ గానీ పేలిందేమోనని గొట్టం తడిమి చూసుకున్నాడు.

"ఎవరూ నేలమీది తడి ముట్టుకోకండి!" అని అరిచింది వదిన. వంగి, తువ్వాలుతో ఆ బిరడా తీసి పొరుగు మంత్రికి చూపించింది. కొత్తగా, తెల్లగా, అడుగున పుట్టగొడుగులా ఉబ్బి ఉంది. "ముప్పై ఏళ్ళు సీసా మెడలో నలిగిన బిరడా ఇలా ఉండదండీ. అబ్బాయ్, ఆ మాసిన సీసా తియ్యి."

బొంగరం తీశాడు. ఈసారి బొటనవేలికి ఏ తోపూ తగల్లేదు. బిరడా తిప్పగానే సీసా చిన్నగా నిట్టూర్చింది, అంతే. బయటికి వచ్చిన బిరడా నల్లగా, సన్నగా, మేకులా ఉంది. గ్లాసులో పోస్తే ముదురు రంగు వైన్ అడుగు నుంచి సన్నటి బుడగలు నాలుగు బద్ధకంగా పైకి లేచాయి.

వదిన గ్లాసు అందుకుంది.

"ఒక్క నిమిషం," అన్నాడు బొంగరం. అన్ని నిజాలూ తెలిసి కూడా అతని చెయ్యి గ్లాసుకి అడ్డం వెళ్ళింది. పొరపాటున అసలు సీసాలో కూడా కలిపి ఉంటే? ముఠాకి మనసు మారి ఉంటే? వదినకి తెలియకపోతే? "నేను తాగుతాను వదినా."

"ఊరుకో," అంది వదిన. చిన్నప్పుడు వేడి పాలు ముందు తను రుచి చూసి ఇచ్చినప్పటి గొంతే. ఎత్తి ఒక గుక్క తాగింది.

హాలంతా ఆవిడ గొంతు వైపే చూసింది. బొంగరం కాలు, చెయ్యి, రెండూ కదలడం మానేశాయి. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్చలంగా అతను ఎప్పుడూ నిలబడలేదు.

వదిన మొహం చిట్లించుకుంది. ముక్కు ముడిచింది. ఇంకో గుక్క తాగింది. బతికే ఉంది.

చెవిలో పెద్దాయన చాలాసేపు దగ్గి, "షూటర్ని దింపేశాను," అన్నాడు. ఆయన నోట క్షమాపణ అంతకన్నా స్పష్టంగా రాదు. బొంగరం చెవిలోంచి స్పీకరు లాగి జేబులో పడేశాడు. కళ్ళు తుడుచుకుంటుంటే మీసం సగం ఊడి చేతికొచ్చింది.

"మనల్ని చూసి నవ్వుతున్నారు," అంది వదిన మెల్లగా.

"నవ్వనీ."

"ఆ చెయ్యి మెడ దాకా వెళ్ళింది. చూశాను."

"దిగింది కూడా చూశావుగా."

"చూశాను," అంది వదిన. బొంగరం ఆ గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టి, ఆవిడ చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు. కాసేపటికి, "పద, ఇంటికి వెళ్దాం," అన్నాడు. "వెళ్దాం. దారిలో రెండు పరదాలు కొనాలి," అంది వదిన.

మన మంత్రిని బల్ల కింద నుంచి బయటికి తీశారు. రెండు గ్లాసుల్లో డికాక్షన్ రంగు వైన్ పోశారు. కెమెరాలు మళ్ళీ వెలిగాయి. ఇద్దరు మంత్రులూ గ్లాసులు తాకించి గుక్కెడు తాగారు. మన మంత్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాన్ని కెమెరాలవాళ్ళు ఆనందబాష్పాలని రాసుకున్నారు. పొరుగు మంత్రి మింగలేక మింగి, మన మంత్రి చెవి దగ్గరికి వంగాడు.

"అనుమానం లేదు, ఇది మా తాతదే. ఆయన చేసింది ఎప్పుడూ ఇంత ఘోరంగానే ఉండేది."

ముప్పై ఏళ్ళు నలిగిన ఒప్పందం మీద ఆ సాయంత్రం సంతకాలు చకచకా పడ్డాయి. ఆలస్యమైతే రెండో గ్లాసు పోస్తారేమోనని ఇద్దరికీ భయం.